ఆగని నిద్ర – ఆదుకొనే బృందం

తరగతిలో ఎవరైనా కునికిపాట్లు పడితే పక్కవాళ్లు వెంటనే పెట్టే పేరు 'కుంభకర్ణుడు'. కుంభకర్ణుడు ఆరేసి నెలలు నిద్రపోయేవాడని మన కథలు చెబుతాయి. ఊర్మిళాదేవి 14 ఏళ్లు నిద్రపోయిందని మన ఆడవాళ్ల పాటలు చెబుతాయి. ఒక విశేషం గమనించండి. ఈ కథలు చెప్పినవారు ఆ ఇద్దరినీ సోమరులు అని తీసిపారేయలేదు. ఆ నిద్రకు ఏదో ఒక కారణం చెప్పారు. మనం మాత్రం పగలు నిద్రపోయేవారిని చూసి 'బద్ధకం' అనేసి ఊరుకుంటాం. కారణం అడగం.

రాత్రి తొమ్మిది గంటలు హాయిగా పడుకుని కూడా పగలు ఆపుకోలేని నిద్రతో బాధపడేవారు లోకంలో ఉన్నారు. అన్నం తింటూ, మాట్లాడుతూ, రాస్తూ రాస్తూ నిద్రలోకి జారిపోతారు. ఇది ఒకనాటి బాధ కాదు, జీవితాంతం ఉండే బాధ. ఇలాంటివారికి మందులతో పాటు మరొక చికిత్స కూడా చేస్తున్నారు. ఒకే వ్యాధి ఉన్న కొందరిని ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడుకోనివ్వడమే ఆ చికిత్స! దీన్ని 'బృంద చికిత్స' అంటారు. వ్యాధి మెదడులో ఉంటే మాటలు ఏం చేయగలవు? ఈ ప్రశ్నకు సమాధానం వెతుకుదాం.

నిద్రమత్తు ఎప్పుడు వ్యాధి అవుతుంది?

ముందుగా ఒక మాట. పగలు నిద్ర వచ్చిన ప్రతివారికీ వ్యాధి ఉన్నట్టు కాదు. మీ వయసువారికి రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర అవసరం. అర్ధరాత్రి దాకా చదివో, ఫోను చూస్తూనో మేలుకుని, తెల్లవారుజామునే లేస్తే, మధ్యాహ్నం లెక్కల పాఠంలో కునుకు రావడం సహజం. శరీరం తన బాకీ వసూలు చేసుకుంటుంది, అంతే. రక్తహీనత, థైరాయిడ్ గ్రంథి సరిగా పనిచేయకపోవడం, నిద్రలో గురకతో పాటు ఊపిరి ఆగి ఆగి రావడం, కొన్ని రకాల మందులు – వీటి వల్ల కూడా పగలు మత్తుగా ఉంటుంది.

ఇవేవీ లేకుండా, రాత్రి చాలినంత నిద్ర ఉండి కూడా, మూడు నెలలకు పైగా దాదాపు ప్రతిరోజూ పగలు ఆపుకోలేని నిద్ర వస్తుంటే వైద్యులు అతినిద్ర వ్యాధిని అనుమానిస్తారు. ఈ వ్యాధుల్లో ముఖ్యమైనవి రెండు.

మొదటిది నార్కోలెప్సీ. దాదాపు 2,000 మందిలో ఒకరికి ఇది ఉంటుందని అంచనా. అంటే ఒక మాదిరి ఊరికి ఒకరన్నమాట. చాలామందిలో ఇది 10 నుంచి 25 ఏళ్ల మధ్య మొదలవుతుంది. రెండవది కారణం తెలియని అతినిద్ర. ఇందులో రాత్రి ఎంతసేపు పడుకున్నా లేవడం గగనమవుతుంది. లేచిన తర్వాత కూడా చాలాసేపు తలంతా మొద్దుబారినట్టు ఉంటుంది.

నిద్రమత్తును కొలవవచ్చా? కొలవవచ్చు. ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్ నగరంలో మర్రే జాన్స్ అనే వైద్యుడు 1991లో ఒక ప్రశ్నావళి తయారుచేశాడు. చదువుకుంటున్నప్పుడు, టీవీ చూస్తున్నప్పుడు, ఎవరితోనైనా కూర్చుని మాట్లాడుతున్నప్పుడు – ఇలా 8 సందర్భాల్లో కునుకు పట్టే అవకాశం ఎంతో చెప్పి, ఒక్కొక్కదానికి 0 నుంచి 3 వరకు మార్కులు వేసుకోవాలి. మొత్తం 24. పది దాటితే మత్తు ఎక్కువగా ఉన్నట్టు. దాన్ని తన పనిచేసిన ఆస్పత్రి పేరుతో 'ఎప్‌వర్త్ కొలబద్ద' అంటారు.

కాని ఇది మనిషి చెప్పిన మాట మీద ఆధారపడింది. ఇంకా గట్టి సాక్ష్యం కావాలంటే పగటి నిద్ర పరీక్ష ఉంది. రోగి తలకు తీగలు అంటించి, మెదడులోని విద్యుత్ తరంగాలను నమోదు చేస్తూ, రెండేసి గంటలకు ఒకసారి చొప్పున ఐదుసార్లు చీకటి గదిలో పడుకోమంటారు. ప్రతిసారీ 20 నిమిషాలు అవకాశం ఇస్తారు. సగటున 8 నిమిషాల లోపే నిద్ర పడితే అది అతినిద్ర కింద లెక్క. ఇక్కడ నటనకు తావు లేదు. తరంగాలు అబద్ధమాడవు.

గడియ లేని తలుపు

1880లో ఫ్రాన్సు దేశపు వైద్యుడు జెలినో దగ్గరకు 38 ఏళ్ల పీపాల వ్యాపారి ఒకడు వచ్చాడు. అతనికి రోజుకు ఎన్నోసార్లు నిద్ర ముంచుకొచ్చేది. పైగా గట్టిగా నవ్వితే కాళ్లు పట్టు తప్పి పడిపోయేవాడు. ఈ వ్యాధికి జెలినో నార్కోలెప్సీ అని పేరు పెట్టాడు. కారణం తెలుసుకోవడానికి మాత్రం నూరేళ్లకు పైగా పట్టింది.

ఆ రహస్యం బయటపడడానికి కుక్కలు తోడ్పడ్డాయి. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో 1970లలో నార్కోలెప్సీ ఉన్న కుక్కలను పెంచి పరిశీలించసాగారు. ఇష్టమైన తిండి చూపిస్తే చాలు, సంతోషంతో అవి కూలబడిపోయేవి! 1999లో ఇమాన్యుయేల్ మిన్యో బృందం ఆ కుక్కల్లో లోపించిన జన్యువును కనిపెట్టింది. అదే ఏడాది మసాషి యనగిసావా బృందం ఎలుకల్లో అదే విషయాన్ని మరో దారిలో నిరూపించింది. రెండు దారులూ ఒకే రసాయనం దగ్గర కలిశాయి. దాని పేరు ఒరెక్సిన్. హైపోక్రెటిన్ అనేది దానికే మరో పేరు.

మన మెదడు అడుగు భాగంలో హైపోథలామస్ అనే చిన్న ప్రాంతం ఉంది. ఒరెక్సిన్‌ను తయారుచేసే నాడీకణాలు అక్కడే ఉంటాయి. కోట్లాది కణాలున్న మెదడులో ఇవి సుమారు 70 వేలు మాత్రమే. నార్కోలెప్సీతో జీవించి మరణించినవారి మెదళ్లను 2000లో పరీక్షించినప్పుడు ఈ కణాల్లో 85 నుంచి 95 శాతం కనిపించలేదు. శరీరాన్ని కాపాడవలసిన రోగ నిరోధక వ్యవస్థే పొరపాటున వీటిని నాశనం చేస్తుందని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు.

ఒరెక్సిన్ చేసే పని ఏమిటి? మెలకువ, నిద్ర అనేవి పక్కపక్క గదులు అనుకోండి. మధ్య తలుపుకు ఒరెక్సిన్ గడియ లాంటిది. గడియ వేసి ఉన్నంతసేపు మనం మెలకువ గదిలో నిలకడగా ఉంటాం. గడియ ఊడిపోతే? చిన్న గాలికే తలుపు తెరుచుకుంటుంది, మూసుకుంటుంది. అందుకే ఈ రోగులకు పగలు నిద్ర చొరబడుతుంది, రాత్రి మెలకువ చొరబడుతుంది.

కలలు వచ్చే నిద్రలో మన కనుగుడ్లు చురుగ్గా కదులుతాయి గాని చేతులు, కాళ్లు కదలవు. కలలో పరుగెత్తి మంచం మీది నుంచి పడిపోకుండా ప్రకృతి చేసిన ఏర్పాటు అది. మామూలుగా ఈ దశ నిద్ర పట్టిన గంటన్నరకు గాని రాదు. నార్కోలెప్సీ ఉన్నవారికి కొద్ది నిమిషాల్లోనే వచ్చేస్తుంది. ఒక్కోసారి మెలకువగా ఉండగానే దానిలో ఒక ముక్క తోసుకొస్తుంది. అప్పుడు మనిషికి తెలివి ఉంటుంది, కండరాలు మాత్రం సడలిపోతాయి. నవ్వినప్పుడు మోకాళ్లు జారిపోవడం ఇందువల్లే. దీన్ని కెటాప్లెక్సీ అంటారు. నిద్ర లేచేటప్పుడు కదలలేకపోవడం, గుండెల మీద ఎవరో కూర్చున్నట్టు అనిపించడం కూడా ఇలాంటివే. అది దయ్యం పని కాదు, గడియ ఊడిన తలుపు పని.

కనిపించని గాయం

కాలు విరిగితే కట్టు కనిపిస్తుంది. జ్వరం వస్తే ఒళ్లు కాలుతుంది. అతినిద్రకు అలాంటి గుర్తు ఏదీ లేదు. చూసేవారికి కనిపించేది ఒక్కటే: మనిషి నిద్రపోతున్నాడు. ఇంట్లో 'దున్నపోతు' అంటారు. బడిలో బెంచీ ఎక్కిస్తారు. పనిచేసేచోట శ్రద్ధ లేదంటారు. కెటాప్లెక్సీ వచ్చి పడిపోతే మూర్ఛ అనుకుంటారు, లేదా నటన అంటారు. వ్యాధి మొదలైన తర్వాత అది ఫలానా అని తేలడానికి చాలామందికి ఎన్నో ఏళ్లు, కొందరికి పదేళ్లకు పైగా పడుతుంది. మీ వయసులో మొదలైతే చదువు, స్నేహాలు, ఉద్యోగం కుదుర్చుకోవలసిన కాలమంతా ఆ మాటల మధ్యే గడిచిపోతుంది.

అన్నిటికంటే ప్రమాదకరమైనది మరొకటి ఉంది. పదిమంది పదేపదే అన్న మాటను చివరకు ఆ మనిషే నమ్మేస్తాడు. 'నిజంగానే నాలో పట్టుదల లేదేమో' అనుకుంటాడు. నలుగురిలోకి వెళ్లడం మానేస్తాడు. దిగులు పట్టుకుంటుంది. ఈ వ్యాధులున్నవారిలో మానసిక కుంగుబాటు ఇతరులలో కంటే ఎక్కువ. మోడాఫినిల్ వంటి మందులు మెలకువను కొంతవరకు నిలుపుతాయి. కాని 'నేను పనికిరానివాణ్ణి' అనే నమ్మకాన్ని ఏ మాత్రా కరిగించలేదు. బృంద చికిత్స పని సరిగ్గా ఇక్కడే మొదలవుతుంది.

క్షయ రోగుల తరగతి

ఈ పద్ధతి పుట్టింది అతినిద్ర కోసం కాదు, క్షయ కోసం. అప్పట్లో క్షయకు మందు లేదు. స్ట్రెప్టోమైసిన్ కనిపెట్టింది 1943లో. డబ్బున్నవారు కొండల మీది ఆరోగ్య కేంద్రాలకు వెళ్లి విశ్రాంతి తీసుకునేవారు. పేదవారికి ఆ వీలు లేదు. 1905లో అమెరికాలోని బోస్టన్ నగరంలో జోసెఫ్ ప్రాట్ అనే వైద్యుడు పేద క్షయ రోగుల కోసం ఒక 'తరగతి' పెట్టాడు. వారానికి ఒకసారి అందరూ కలిసేవారు. ఎంతసేపు విశ్రాంతి తీసుకున్నారో, ఆరుబయట ఎంతసేపు గడిపారో, జ్వరం ఎంత ఉందో ఎవరి పుస్తకంలో వారు రాసుకుని తెచ్చి చూపేవారు. బరువు పెరిగినవారిని చూసి మిగిలినవారు ధైర్యం తెచ్చుకునేవారు.

ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పే బదులు అందరికీ ఒకేసారి చెప్పవచ్చునన్నది ప్రాట్ ఉద్దేశం. కాని తరగతి అంతకు మించిన మేలు చేసింది. జాతులు, మతాలు వేరైనా ఒకే వ్యాధి వారిని స్నేహితులుగా కలిపిందని ఆయన గమనించాడు. తర్వాతి కాలంలో మనోవైద్యులు ఈ పద్ధతిని పెంచి పెద్దచేశారు. బృందంలో మనిషికి మేలు చేసేవి ఏమిటో ఇర్విన్ యాలోమ్ 1970లో అచ్చయిన తన గ్రంథంలో విడమరిచి చెప్పాడు.

ఒక సమావేశం చూద్దాం

బృందం అంటే సుమారు ఎనిమిది మంది. శిక్షణ పొందిన మనస్తత్వ నిపుణురాలు ఒకరు నడుపుతారు. వారానికి ఒకసారి, గంట సేపు. అక్కడ విన్నది బయట చెప్పకూడదన్నది మొదటి నియమం. ఒక సమావేశాన్ని ఊహించి చూద్దాం. ఇందులోని మనుషులు కల్పితం. వారి బాధలు మాత్రం ఈ వ్యాధులున్నవారికి నిత్యం ఎదురయ్యేవే.

ఇంటర్ చదివే కుర్రాడు అంటాడు: "రాత్రి తొమ్మిదికే పడుకుంటానంటే మా నాన్న నమ్మడు. ఒక్కోసారి నాకే అనుమానం వస్తుంది, నేను నిజంగా బద్ధకస్తుణ్ణేమో అని."

యాభై ఏళ్ల బ్యాంకు గుమాస్తా అందుకుంటాడు: "నన్నూ అలాగే అనేవారు బాబూ. నలభై ఏళ్లు వచ్చేదాకా నేనూ నమ్మాను. పరీక్ష చేస్తే మూడు నిమిషాల్లో నిద్ర పట్టిందని తేలింది. జ్వరం వచ్చినవాణ్ణి పట్టుదలతో తగ్గించుకోమంటామా?"

బట్టలు కుట్టే ఒక గృహిణి అంటుంది: "నవ్వితే పడిపోతాను. అందుకని పెళ్లిళ్లకు వెళ్లడం మానేశాను. అసలు నవ్వడమే మానేశాను."

"నాకూ అంతే అక్కా," అంటుంది మరొక అమ్మాయి. "నవ్వు వచ్చేలా ఉంటే నేను ముందే కూర్చుంటాను, లేదా గోడకు ఆనుకుంటాను. పడితే కంగారు పడవద్దనీ, కాసేపట్లో నేనే లేస్తాననీ మా వాళ్లకు చెప్పి ఉంచాను. ఇప్పుడు పెళ్లిళ్లకు వెళుతున్నాను."

ఈ నాలుగు మాటల్లో ఏం జరిగిందో పరిశీలించండి. మొదటిది, 'ఈ బాధ నా ఒక్కడిదే కాదు' అని కుర్రాడికి తెలిసింది. రెండవది, అదే వ్యాధితో ఉద్యోగం చేస్తున్న మనిషిని కళ్లారా చూసి ఆశ కలిగింది. మూడవది, ఇన్నాళ్లూ ఇతరులకు భారమనుకున్న అమ్మాయి ఇవాళ మరొకరికి సాయపడింది. సాయం పొందినవారికే కాదు, చేసినవారికి కూడా బలం వస్తుంది. యాలోమ్ చెప్పిన వాటిలో ఈ మూడూ ఉన్నాయి. వైద్యుడు ఎంత మంచివాడైనా వీటిని ఒక్కడే ఇవ్వలేడు. ఎందుకంటే ఆయనకు ఆ వ్యాధి లేదు.

బృందంలో పనికి వచ్చే విద్యలు కూడా నేర్పుతారు. నిద్ర డైరీ రాయడం, రోజులో మత్తు ఎక్కువయ్యే వేళను గుర్తించడం, ఆ వేళకు ముందే కునుకు తీయడం, ముఖ్యమైన పనిని చురుగ్గా ఉండే వేళలో పెట్టుకోవడం, పొయ్యి దగ్గర, నీళ్ల దగ్గర, వాహనాల మీద జాగ్రత్తగా ఉండడం, తన వ్యాధి గురించి ఇతరులకు రెండు మాటల్లో చెప్పడం వంటివి. అయితే ఒకరికి పనికివచ్చిన ఉపాయం మరొకరికి పనికిరాకపోవచ్చు. నార్కోలెప్సీ ఉన్నవారికి 15, 20 నిమిషాల కునుకుతో మెదడు తేటపడుతుంది. కారణం తెలియని అతినిద్ర ఉన్నవారు పగలు పడుకుంటే గంటల తరబడి లేవరు, లేచినా మత్తు వదలదు. ఈ తేడాలను వివరించడం నిపుణురాలి పని.

ఇటువంటి బృందాన్ని నడపడంలో తమాషా ఇబ్బందులు కూడా ఉన్నాయి. చర్చ మధ్యలో ఒకరిద్దరు నిద్రపోవచ్చు! మంచి ఛలోక్తి విసిరితే ఎవరో కుర్చీలో వాలిపోవచ్చు. అందుకని సమావేశాన్ని చిన్నదిగా ఉంచాలి. లేచి నిలబడడానికి, అటూ ఇటూ నడవడానికి, కునుకు తీయడానికి కూడా స్వేచ్ఛ ఇవ్వాలి. ముఖ్యమైన విషయాలు కాగితం మీద రాసి ఇవ్వాలి. నిద్రపోయినందుకు ఎవరూ క్షమాపణ చెప్పుకోనక్కరలేని గది బహుశా వారికి ఇదొక్కటే.

ప్రయోగం ఏమి తేల్చింది?

విజ్ఞాన శాస్త్రంలో 'బాగుంది' అంటే చాలదు. 'ఎలా తెలుసు?' అని అడగాలి. అమెరికాలో నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయానికి చెందిన జేసన్ ఆంగ్, ఆయన సహచరులు 2020లో ఒక అధ్యయనం ప్రచురించారు. నార్కోలెప్సీ లేదా కారణం తెలియని అతినిద్ర ఉండి, కుంగుబాటు లక్షణాలు కూడా ఉన్న 35 మంది పెద్దవారికి వీడియో ద్వారా 6 సమావేశాలు జరిపారు. కొందరికి విడిగా, కొందరికి బృందంగా చికిత్స చేశారు. చికిత్స తర్వాత కుంగుబాటు లక్షణాలు తగ్గాయి. తమ వ్యాధిని తాము నిభాయించుకోగలమన్న నమ్మకం పెరిగింది.

అయితే తొందరపడకూడదు. 35 మంది చాలా తక్కువ. చికిత్స పొందనివారితో పోల్చి చూడలేదు. ఇలాంటి చికిత్స ఆచరణలో సాధ్యమేనా అని తెలుసుకోవడమే ఆ ప్రయోగం ముఖ్య ఉద్దేశం. మేలు ఎంతో కచ్చితంగా చెప్పాలంటే ఇంకా పెద్ద ప్రయోగాలు కావాలి.

మరొక హద్దు కూడా గుర్తుంచుకోవాలి. బృంద చికిత్స పోయిన కణాలను తిరిగి తేలేదు. గడియ ఊడిన తలుపుకు కొత్త గడియ బిగించలేదు. అది మందులకు తోడే గాని బదులు కాదు. బృందంలో ఎవరో చెప్పారని మందు మార్చడం, మానడం ప్రమాదం. నలుగురిలో మాట్లాడలేనివారికి, తీవ్రమైన కుంగుబాటు ఉన్నవారికి విడిగా చికిత్స అవసరం కావచ్చు.

ఇప్పుడు మన మొదటి ప్రశ్నకు జవాబు చెప్పవచ్చు. వ్యాధి కలిగించే బాధలో రెండు భాగాలున్నాయి. ఒకటి కణాలు పోవడం వల్ల కలిగింది. రెండవది మనుషుల మాటల వల్ల కలిగింది. మాటల వల్ల కలిగిన గాయం మాటల వల్ల మానుతుంది. అందులో ఆశ్చర్యం లేదు.

మీరు చేయగలిగింది

రెండవ భాగం బాధను కలిగించకుండా ఉండడం మన చేతిలోనే ఉంది. మీ తోటి విద్యార్థి రోజూ నిద్రపోతుంటే పేరు పెట్టకండి. 'రాత్రి ఎన్ని గంటలకు పడుకుంటున్నావు?' అని మెల్లగా అడగండి. చాలినంత నిద్ర ఉండి కూడా నెలల తరబడి ఇలాగే ఉంటే, పెద్దవాళ్లతో చెప్పి నరాల వైద్యుడికి చూపించుకోమనండి. వ్యాధి ఉందని తేలిన స్నేహితుడికి పాఠం నోట్సు ఇవ్వండి. భోజనం విరామంలో పది, పదిహేను నిమిషాలు పడుకోనిచ్చి లేపండి. అతను నవ్వి కూలబడితే తలకు దెబ్బ తగలకుండా పట్టుకుని, పక్కన కూర్చోండి. అతనికి మీ మాటలన్నీ వినిపిస్తూనే ఉంటాయని మాత్రం మరచిపోకండి.

మీరే చేసి చూడండి

రెండు వారాల పాటు నిద్ర డైరీ రాయండి. పడుకున్న వేళ, లేచిన వేళ, పగలు కునుకు వచ్చిన వేళ నమోదు చేయండి. మీ సగటు నిద్ర ఎన్ని గంటలు? అది 8 కంటే తక్కువైతే, మూడవ వారం రోజూ ఒక గంట ముందు పడుకుని, పగటి కునుకులో వచ్చిన మార్పు చూడండి.

ప్రశ్నలు

1. ఆరోగ్యవంతుని మెదడులో ఒరెక్సిన్ కణాలు 70,000 అనుకుంటే, 90 శాతం నశించిన రోగిలో ఎన్ని మిగులుతాయి?
2. ఎప్‌వర్త్ కొలబద్ద కంటే పగటి నిద్ర పరీక్ష గట్టి సాక్ష్యం ఎందుకు?
3. 2020 అధ్యయనంలో చికిత్స పొందని మరొక బృందం కూడా ఉండి ఉంటే మనకు అదనంగా ఏమి తెలిసేది?
4. నవ్వినప్పుడు కూలబడిన మనిషికి స్పృహ ఉంటుందా? కారణం రాయండి.